ఈనీ మీనీ మైనీ మో

దాగుడుమూతలకు ముందు దొంగ యెవరో తేల్చుటకు మన వీథులలో బాలురు పంటలు వేసికొనెడివారు. అరచేయి వెల్లకిలగానో బోర్లగానో పెట్టగా వేరుగా పడినవాడు పండును. పండక మిగిలినవాడు దొంగ. నేడు ఇంగ్లీషు బడుల ముంగిళ్లలో ఆ పనికి ‘ఈనీ, మీనీ, మైనీ, మో’ అను నాలుగు మాటలు వినబడుచున్నవి. వాని యర్థమేమని పిల్లల నడుగుట వ్యర్థము. పండితులకే అది తేలలేదు.

ఉత్తర ఇంగ్లండులో గొఱ్ఱెలకాపరులు మందను లెక్కించుటకు ‘యన్, టన్, తెథెర’ యని వేరు సంఖ్యలు వాడుచుండిరి. అవి ఆంగ్లేయులకు పూర్వము ఆ ద్వీపమున నివసించిన కెల్టు జాతివారి భాషాశేషములనియు, ఆటపాట లట్టి లెక్కలనుండియే పుట్టినవనియు కొందరి మతము. 1888లో బాల్టన్ అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు (ఆయన కీ వ్యసన మెట్లు పట్టెనో గాని) అనేక భాషల లెక్కపాటలను గ్రంథముగా కూర్చి, ఇవి పూర్వులు చీట్లు వేసి దైవనిర్ణయ మెరిగెడి ఆచారమునకు అవశేషములని తలచెను. జర్మనులకును డచ్చివారికిని ఇట్టి పాటలే కలవు.

ఇంతవరకు వినోదమే. కాని అమెరికా బడిపిల్లలలో మిక్కిలి వ్యాప్తిలో నున్నదని బాల్టన్ చెప్పిన పాఠమున, ఈ నాలుగు మాటల వెనువెంట నల్లజాతివారిని దూషించు పదమొకటి కలదు. వాని కాలివ్రేలు పట్టుకొనుమని పాట! 1865లో బానిసత్వమును రద్దుచేసిన దేశమున, 23 ఏండ్ల పిమ్మట పసివారి నోట నిలిచిన ముచ్చట ఇది. తరువాత ఆ పదము పోయి పులి వచ్చెను.

పులి వచ్చినను పాతది మరుపునకు రాలేదు. 2001లో అమెరికాలో ఒక విమానమున, త్వరగా కూర్చొనుడని చెప్పుటకు పరిచారిక ఈ నాలుగు మాటలతో ప్రాసకట్టి పలికెను. నల్లజాతి సోదరీమణు లిరువురు దావా వేసిరి. ఆ పాతపాఠము తానెన్నడును వినలేదని పరిచారిక చెప్పెను. ఈ మాటలను జాతిదూషణముగా గ్రహించుటకు అవకాశము కలదని కాన్సాస్ ఫెడరల్ న్యాయస్థానము విచారణకు అనుమతించినను, 2004లో జ్యూరీ విమానసంస్థ పక్షముననే తీర్పు చెప్పెను. 2005లో అప్పీలు కోర్టు దానిని ఖాయపరచెను. న్యాయవాదిగా మేమా తీర్పును తప్పుపట్టజాలము. వివక్షకు బుద్ధిపూర్వకత కావలెను. ఎరుగనివారికి బుద్ధి నంటగట్టరాదు. అయినను విన్నవారి గుండెలో గ్రుచ్చుకొన్న ముల్లు తీర్పుకాగితముతో ఊడునా? ఆ సోదరీమణులు లేనిదానిని కల్పించుకొనలేదు.

1893లో పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనున గాంధీగారిని మొదటి తరగతి పెట్టెనుండి త్రోసివేసిన చూపును, ఆ పాటలోని చూపును ఒక్కటే. ఆ చూపు తగిలిన జాతివారమైన మనము, మన పిల్లలచేత ఆ మాటలను అర్థమెరుగక వల్లెవేయించుట మాకు రుచింపదు. నిషేధింపుమని కోరము. పై తరగతులలో ఉపాధ్యాయు లొకనాడు, పులికి ముందు ఆ చోట ఎవరుండిరో చెప్పవలెను. చిన్నవారి నంతలో ఆరుబయటికి తీసికొనిపోయి పంటలు వేయింపవచ్చును.