రెండు దేనారములు ఎవరు చెల్లించాలి?



ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో దొంతన్‌పల్లి నుండి ఒక సహోదరి వ్రాసినది అన్నిటికన్న పెద్దది. నోటుబుక్కు కాగితాలు నాలుగు, రెండు ప్రక్కలా నింపారు. పేరు వేయవద్దని కోరారు గనుక వేయడం లేదు. సంగతి మాత్రం చెప్పక తప్పదు.

ఆమె తోటికోడలికి ముప్పై నాలుగేళ్ళు. నడుము నొప్పి, తెల్లబట్ట. ఊరిలో సూదులు వేసే ఆర్‌ఎంపీ ఆమెను ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపించాడు. అక్కడ స్కానింగు తీసి, గర్భసంచి చెడిపోయింది, తీయకపోతే క్యాన్సరు అవుతుందని చెప్పారట. ఇంటిల్లిపాదీ హడలిపోయారు. రెండు బర్రెలు అమ్మి, సంఘంలో ఒకరి దగ్గర చేబదులు తెచ్చి ఆపరేషను చేయించారు. ముందు చెప్పిన మొత్తం ఒకటి, చివరికి కట్టింది దాదాపు దానికి రెట్టింపు. ఆరు నెలలైంది. నడుము నొప్పి అట్లాగే ఉంది.

అప్పటి నుండి ఆ ఇంట్లో ఆదివారం భోజనాల దగ్గర ఒకటే వాదన. ఈ సహోదరి భర్త, "సర్కారు ప్రతి దానికీ రేటు కట్టాలె, దాటినోన్ని జైల్ల వెయ్యాలె" అంటారు. ఆమె తమ్ముడు శంకర్‌పల్లిలో మందుల దుకాణంలో పని చేస్తాడు. "బావా, దవాఖానలు అప్పులు తెచ్చి కట్టిండ్రు. సర్కారు గొంతు పట్టుకుంటె తలుపులు మూసుకుంటరు. రేపు నీకు గుండె నొస్తె యాడికి పోతవు?" అని అతని మాట. ఇద్దరిలో ఎవరిది న్యాయమో చెప్పండి అని ఆమె అడుగుతున్నారు.

ముందుగా ఒక మాట. వైద్యంలో ప్రైవేటు అనగానే మనకు పట్నంలోని అద్దాల మేడలు గుర్తుకు వస్తాయి. పల్లెలో ప్రైవేటు వైద్యమంటే సంచి పట్టుకొని మోటారు సైకిలు మీద వచ్చే ఆర్‌ఎంపీయే. రాత్రి పది గంటలకు పిల్లవానికి జ్వరం కాస్తే తలుపు తీసేది అతడొక్కడే. అప్పు పెడతాడు, వరుస పెట్టి పిలుస్తాడు. అందుకే అతని మాటకు అంత విలువ. చట్టం మాత్రం అతణ్ణి వైద్యుడిగా ఎరగదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేక రెండూ. 2024లో తెలంగాణ వైద్య మండలి వారు ఇట్టి క్లినిక్కుల మీద తనిఖీలు కూడ జరిపారు. రోగిని పంపినందుకు కమీషను ఇవ్వడం, పుచ్చుకోవడం 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాలలోనే నిషిద్ధం. నియమం ఉన్నది. అయితే ఆ రాత్రి పది గంటలకు మరొకరు తలుపు తీసే ఏర్పాటు లేకపోతే, ఆర్‌ఎంపీని పట్టుకుపోయిన మరునాడు ఆ పిల్లవాని తల్లి ఎవరి దగ్గరికి పోవాలి?

ఇక గర్భసంచి సంగతి. ఇది మన ఆడబిడ్డల శరీరానికి సంబంధించిన మాట గనుక కాస్త విడమరచి చెబుతాం, పెద్దలు ఏమీ అనుకోవద్దు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ ఆరంభమైంది. తెల్ల రేషన్ కార్డు గలవారు పెద్ద ఆసుపత్రి మెట్లెక్కడం మన పల్లెలు అంతకు ముందు ఎరుగనిది. గుండె ఆపరేషన్లు చేయించుకొని బ్రతికి బయటపడ్డ పిల్లలు మన సంఘాలలోనే ఉన్నారు. దానికి దేవునికి స్తోత్రం చెప్పాం, చెప్పాలి కూడ. అయితే ఆపరేషనుకు ఇంత అని ప్రభుత్వం చెల్లించేటప్పుడు, ఆ ఆపరేషను నిజంగా అవసరమా అని చూసేవారు కావాలి. ఆ చూపు కొరవడిన చోట గర్భసంచి ఆపరేషన్లు పెరిగిపోయాయి. చివరకు ప్రభుత్వమే మేల్కొని, ఆ పథకం క్రింద ఈ ఆపరేషను ప్రైవేటు ఆసుపత్రులలో కాక ప్రభుత్వ ఆసుపత్రులలోనే జరగాలని కట్టడి చేసింది.

దానితో ఆగిందా? పథకం డబ్బు ఆగింది గాని, బర్రెలు అమ్మిన డబ్బుకు ఏ కట్టడీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. పదిహేను నుండి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన. మన రెండు తెలుగు రాష్ట్రాలలో నూటికి ఎనిమిది, ఆ పైన. దేశంలో ముందు వరుస మనదే. ఆపరేషన్లలో ఎక్కువ భాగం జరిగింది ప్రైవేటు ఆసుపత్రులలోనే. తెలుగు స్త్రీల గర్భసంచులు ఇతర రాష్ట్రాల వారి కన్న త్వరగా చెడిపోతాయా ఏమి? చిన్న వయసులో గర్భసంచి తీసి, దానితో బాటు అండాశయాలు కూడ తీసివేస్తే, ముట్లుడిగిన తరువాత రావలసిన బాధలన్నీ ముప్పై అయిదుకే మీద పడతాయి. ఎముకలు గుల్లబారడం అందులో ఒకటి. కలుపు తీసి బ్రతికే స్త్రీకి ఎముకలే ఆస్తి.

బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాలలో ఇట్లా నష్టపోయిన పేద స్త్రీల పక్షాన ఒక వైద్యుడు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఇట్టి ఆపరేషన్లను కనిపెట్టి చూడడానికి కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలకు ఆదేశించింది. వాటిలో జిల్లా స్థాయి పర్యవేక్షణ సంఘం మాట ఉన్నది. నలభై ఏళ్ళ లోపు స్త్రీలకు జరిగే ఆపరేషన్లను ప్రత్యేకంగా విచారించాలన్న మాట కూడ ఉన్నది. గనుక అజమాయిషీ కావాలంటున్న ఆ భర్త మాటను కోపంతో అన్న మాటగా తీసివేయడానికి లేదు.

ఇప్పుడు తమ్ముడి మాట. రేటు కట్టడం వేరు, ఆ రేటు చెల్లించడం వేరు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆరోగ్యశ్రీ హద్దును పది లక్షల రూపాయలకు పెంచారు. మంచిదే. అయితే చేసిన వైద్యానికి రావలసిన బకాయిలు పేరుకుపోయాయని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025 సెప్టెంబరులో ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేశాయి. కొద్ది దినాలకు మాటలు జరిగి మరల మొదలుపెట్టాయి. ఆ కొద్ది దినాలలో కార్డు పట్టుకొని వెళ్ళి వెనుకకు తిరిగినవారికి అది కొద్ది దినాలు కాదు. చిన్న ఆసుపత్రి నడిపే వైద్యుడు నర్సులకు జీతాలు ఒకటవ తేదీనే ఇయ్యాలి. సర్కారు వారి బిల్లు కోసం నెలల తరబడి ఎదురు చూస్తూ అతడు ఎట్లు నడపగలడు?

కరోనా నాటి సంగతి మరచిపోలేదు గదా. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులలో కరోనా వైద్యానికి రేట్లు నిర్ణయించింది. దినానికి మామూలు వార్డులో 4,000, ఐసీయూలో 7,500, వెంటిలేటరు మీద పెడితే 9,000 రూపాయలు. కాగితం మీద చక్కని లెక్క. అయితే కొన్ని ఖరీదైన మందులు, పరీక్షలు, పీపీఈ దుస్తులు ఆ లెక్కకు వెలుపల. బిల్లు ఆ వెలుపలి వాటితోనే లక్షలకు పెరిగింది. తండ్రికి ఊపిరి ఆడకుండా ఆంబులెన్సులో ఉన్నప్పుడు జీవో నంబరు చెప్పి బేరమాడే కొడుకు ఎవడు? గాంధీ ఆసుపత్రిలో మంచం దొరుకుతుందన్న ధైర్యం ఉన్నవాడే ప్రైవేటు ఆసుపత్రివారితో గట్టిగా మాట్లాడగలిగాడు. మంచాలు నిండిన దినాలలో ఆ ధైర్యమూ పోయింది.

గుండె రక్తనాళంలో వేసే స్టెంటు సంగతి మరోలా ఉంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం దాని ధరకు హద్దు పెట్టింది. మందు పూసిన స్టెంటుకు 29,600, మామూలు దానికి 7,260 రూపాయలు. అంతకు ముందు లక్ష దాటి కూడ పుచ్చుకొనేవారు. ఆ హద్దు చాలా వరకు నిలిచింది. ఎందుకు? స్టెంటు అంటే ఒక వస్తువు. దానికి డబ్బా ఉంటుంది, డబ్బా మీద ధర ముద్రించి ఉంటుంది, చదువుకొన్న మనుమడు చూసి అడగగలడు. ఆపరేషనుకు, గదికి, డాక్టరు చూపుకు డబ్బా లేదు. పైగా మరుసటి ఏడు, అంటే 2018లో, మందుల ధరల అధికార సంస్థ ఢిల్లీ ప్రాంతపు నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలించింది. సిరంజీలు మొదలైన వాడిపారేసే సామాను మీద 1,737 శాతం వరకు లాభం వేసుకొన్నట్టు తేల్చింది. ఒక చోట గట్టు వేస్తే నీరు మరొక చోట మడి తెంచుకొంటుంది. వ్యవసాయదారులకు మేము చెప్పవలసిన పని లేదు.

దొంతన్‌పల్లి చుట్టుప్రక్కల చూస్తే మరొక వింత. ఆ ఊరిలో ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయం వచ్చింది. మొయినాబాదు, చేవెళ్ల దారిలో ప్రైవేటు వైద్య కళాశాలలు వచ్చాయి. వైద్య కళాశాలకు అనుమతి ఉండాలంటే దాని ఆసుపత్రిలో మంచాల మీద రోగులు ఉండాలన్నది నియమం. రోగి లేనిదే విద్యార్థి ఏమి నేర్చుకొంటాడు? అందుచేత ఇట్టి కళాశాలలు ఊళ్ళకు బస్సులు పంపి, ఉచితంగానో తక్కువ ఖర్చుకో వైద్యం చేయడం అంతటా చూస్తున్నాం. పేదవాణ్ణి ప్రైవేటు వారి వాకిట్లోకి తెచ్చింది జాలి కాదు, ఒక సర్కారు నియమం. ఇట్టి చోట బావ, బావమరిది ఇద్దరూ ఒక్క బస్సులోనే వెళ్ళవచ్చు.

2025 నవంబరు 3 ఉదయం చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర తాండూరు నుండి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు ఢీకొని పంతొమ్మిది మంది చనిపోయారు. ఆ ఉదయం చేవెళ్ల ప్రజలు గాయపడ్డవారిని ప్రభుత్వ ఆసుపత్రికీ తీసుకొనిపోయారు, ప్రైవేటు ఆసుపత్రికీ తీసుకొనిపోయారు. అత్యవసరంలో ఉన్నవానికి ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు చికిత్స చేయవలసిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అయితే ఆ ఖర్చు ఎవరిదన్న ప్రశ్న చాలా ఏళ్ళు గాలిలోనే ఉండిపోయింది. 2025 మేలో కేంద్రం ఒక పథకం తెచ్చింది. దాని ప్రకారం రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, పథకంలో చేరిన ఆసుపత్రులలో ఏడు దినాల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం జరగాలి. ఈ సంగతి ప్రతి సంఘంలో యౌవనస్థులకు చెప్పండి.

ఇక్కడ మనకు తెలిసిన కథ ఒకటి జ్ఞాపకం వస్తుంది. దొంగల చేత చిక్కినవాని గాయాలు కట్టిన సమరయుని గూర్చి ఎన్నో ప్రసంగాలు విన్నాం. పూటకూళ్ళవాని గూర్చి ఎవరూ చెప్పరు. అతడు సొంత వ్యాపారం చేసుకొనేవాడు. సమరయుడు అతనితో ఊరక సేవ చేయమని చెప్పలేదు. రెండు దేనారములు ముందుగా చేతిలో పెట్టి, మిగిలింది తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. తిరిగి వస్తాననడంలో లెక్క చూసుకొంటాననే అర్థమూ ఉన్నది. మన సర్కారు ఆ రెండు పనులలో ఒకటి చేసినప్పుడు రెండవది మరచిపోతున్నది. డబ్బు ఇచ్చినప్పుడు చూడడానికి రాదు, నియమం పెట్టినప్పుడు డబ్బు ఇవ్వదు.

మా అభిప్రాయం దాచుకోము. రేట్ల జీవోలు ఎన్ని తెచ్చినా, చేవెళ్ల సర్కారు దవాఖానలో సాయంత్రం దాటిన తరువాత కూడ స్త్రీల డాక్టరు దొరికితేనే వాటికి బలం. వేరొక తలుపు తెరచి ఉన్నదని తెలిసినప్పుడే రోగి ఒక తలుపు దగ్గర న్యాయం అడగగలడు. ఒకప్పుడు మిషన్ ఆసుపత్రులు అట్టి తలుపులుగా ఉండేవి. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రి తెరచినప్పుడు అది సర్కారుదీ కాదు, లాభం కోసం పెట్టిందీ కాదు. అట్టివి ఇప్పుడు కొద్దిగా మిగిలాయి. వాటి మీదనే భారం వేసి కూర్చోలేము.

ఇక ఆ సహోదరికి చేయదగినవి చెబుతాం. మీ తోటికోడలి ఆపరేషను కాగితాలు, తీసిన గర్భసంచిని పరీక్షించిన రిపోర్టు వ్రాతపూర్వకంగా అడగండి. అడిగిన డెబ్బై రెండు గంటలలో రికార్డుల నకలు ఇవ్వాలి. అండాశయాలు తీశారో లేదో అందులో ఉంటుంది. నడుము నొప్పికి ఆ కాగితాలు పట్టుకొని కోఠీ ప్రసూతి ఆసుపత్రిలోగాని మరే ప్రభుత్వ ఆసుపత్రిలోగాని ఇంకొక డాక్టరుకు చూపించండి. బిల్లు మొత్తంగా కాక, దేనికెంత అని విడివిడిగా వ్రాసి ఇమ్మనండి. తెలంగాణ స్వీకరించిన 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నియమాల ప్రకారం రేట్ల బోర్డు తెలుగులో అందరికీ కనబడేచోట ఉండాలి. అది లేకపోతే జిల్లా వైద్యాధికారికి వ్రాయవచ్చు. డబ్బు తీసుకొని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం క్రిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. బిల్లు కట్టలేదని రోగిని గాని, చనిపోయినవారి దేహాన్ని గాని ఆపి ఉంచే అధికారం ఏ ఆసుపత్రికీ లేదు.

గర్భసంచి తీయాలని ఎవరైనా చెప్పిన ఇతర సహోదరీలు, రక్తస్రావం ఆగక ప్రాణం మీదికి వస్తే తప్ప, ఆ దినమే సంతకం చేయవద్దు. తెల్లబట్ట, నడుము నొప్పి చాలా మందిలో మందులతో నయమయ్యేవే. మీ ఊరి దగ్గరి ఆసుపత్రిలో రేట్ల బోర్డు చూసినవారు, అది ఏ భాషలో ఉందో, ఎక్కడ కట్టి ఉందో మాకు ఒక కార్డు ముక్క వ్రాయండి. ఆసుపత్రి పేరు వేయము, మీ పేరూ వేయము. వచ్చే నెల ఈ పుటలోనే ఆ వివరాలు ఇస్తాం.