కొండవీటి దుర్గం: శిథిలాలకు రంగు పూయడం సంరక్షణ కాదు

కొండవీటి దుర్గాన్ని గురించి మూడు మాటలు తరచుగా వినిపిస్తాయి. అది రెడ్డిరాజుల వైభవ చిహ్నమన్నది మొదటిది. పరాయివారి దండయాత్రలే దానిని కూల్చాయన్నది రెండవది. పడిపోయినదానిని మళ్లీ కట్టి నిలబెట్టడమే కర్తవ్యమన్నది మూడవది. మొదటిది సగం నిజం. రెండవది అంతకంటె తక్కువ నిజం. ఆ రెండింటిపై ఆధారపడిన మూడవది ప్రమాదకరం.

ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా స్థాపించిన రాజ్యానికి ఆయన కుమారుడు అనవోతారెడ్డి 14వ శతాబ్ది మధ్యకాలంలో కొండవీటిని రాజధానిగా చేశాడు. పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నాడు. ఆ రాజు స్వయంగా 'సాహిత్యచింతామణి'ని రచించాడు. కుమారగిరిరెడ్డి బావమరది కాటయవేముడు కాళిదాసు నాటకాలకు వ్యాఖ్యానాలు వ్రాశాడు. ఈ వైభవం నిర్వివాదాంశం. అయితే 1424 నాటికే కొండవీటి రెడ్డిరాజ్యం అంతరించింది. దుర్గం మాత్రం అంతరించలేదు. 1454లో గజపతులు, 1515లో శ్రీకృష్ణదేవరాయలు, 16వ శతాబ్ది చివరి పాదంలో కుతుబ్ షాహీలు దానిని వశపరచుకున్నారు. 1788లో గుంటూరు సర్కారుతో పాటు అది ఆంగ్లేయుల చేతికి వచ్చింది. ఒక వంశం సుమారు ఏడు దశాబ్దాలు రాజధానిగా ఏలిన కోటను తరువాతి మూడున్నర శతాబ్దాల నుంచి విడదీసి ఆ వంశానికే అంకితం చేయడం భక్తి అనిపించుకోవచ్చు గాని చరిత్ర అనిపించుకోదు.

శిథిలతకు కారణం కూడా ఒక్క యుద్ధంలో దొరకదు. గెలిచిన ప్రతివాడికీ కోట అవసరమే. అందుకే 1515 ముట్టడి తరువాత కూడా అది పాలనాకేంద్రంగా నిలిచింది. ఫిరంగుల యుద్ధరీతి, మైదానాల నుంచి సాగే శిస్తు వసూలు గిరిదుర్గానికి ప్రాధాన్యం తగ్గించాయి. 18వ శతాబ్దంలో అధికారం కొండ దిగి గుంటూరు చేరింది. కాపలా లేని గోడలను వానలు, చెట్ల వేళ్లు చీల్చాయి. ఆంధ్రదేశపు కోటలన్నిటికీ పట్టిన గుప్తనిధుల వేట, ఇళ్లకు రాయి తరలించే అలవాటు మిగిలిన పని చేశాయి. ఈ చివరి దోషాలను ఏ దండయాత్రమీదా నెట్టలేము.

వీటిని గుర్తించకుండా తలపెట్టే పునర్నిర్మాణం మరొక విధ్వంసమే. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్నది 1964 నాటి వెనిస్ ఒడంబడిక సారాంశం. ఏ గోడ రెడ్లదో, ఏ మరమ్మతు రాయల కాలానిదో, ఏ బురుజు తరువాతిదో నిర్ధారించకముందే సిమెంటు పూస్తే ఆ ప్రశ్నకు సమాధానం శాశ్వతంగా పోతుంది. కూలిన రాయి సాక్ష్యం చెప్పగలదు. కొత్తగా చెక్కిన రాయి చెప్పలేదు.

పర్యాటకులు రానిదే నిధులు రావని, నిధులు లేనిదే రక్షణ లేదని అధికారవర్గాలు అనవచ్చు. ఆ వాదన తేలికగా త్రోసివేయదగినది కాదు. కొండపైకి ఘాట్ రోడ్డు పడినందువల్ల వృద్ధులు సైతం దుర్గాన్ని చూడగలుగుతున్నారు. అభ్యంతరం రోడ్డుకు కాదు, పనుల వరుసకు. ముందు కొలతలు, ఛాయాచిత్రాలు, శాసనాల నకళ్లు, తరువాత మరమ్మతు, ఆ తరువాతనే అలంకరణ. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు లేకుండా కొండపై జనం బ్రతికేవారే కారు. ఆ నీటి ఏర్పాటును వివరించే పటం ఒకటి పది విగ్రహాలకంటె సందర్శకునికి ఎక్కువ నేర్పుతుంది.

చెప్పే కథల విషయంలోనూ ఇదే నియమం వర్తించాలి. వేమనను కొండవీటి రాజవంశీయునిగా చెప్పే గాథ మధురమైనదే. కాని దానికి సమకాలీన సాక్ష్యం లేదు. పరిశోధకులు పెక్కుమంది ఆయనను 17వ శతాబ్ది ప్రాంతానికి చెందినవానిగా భావిస్తారు. గాథను గాథగా చెబితే ప్రజల స్మృతికి గౌరవం. చరిత్రగా చెబితే వారి వివేకానికి అవమానం.

మల్లంపల్లి సోమశేఖరశర్మ రెడ్డిరాజ్యాల చరిత్రను శాసనాలు, కావ్యాలు ఆధారంగా నిర్మించారు. అటువంటి ఓర్పునే కొండమీద మిగిలిన రాళ్లూ కోరుతున్నాయి. కొండవీటికి కొత్త ద్వారాలు మంజూరు చేసేముందు, పాత ద్వారాల వివరాలన్నీ నమోదయ్యాయా అన్న ప్రశ్నకు దస్త్రంలో లిఖితపూర్వకమైన సమాధానం ఉండాలి. అది లేని దస్త్రంపై సంతకం పడరాదు.