బయోమెడికల్ డిగ్రీకి వెల కట్టేది మార్కెట్ కాదు, టెండర్

"బయోమెడికల్ ఇంజినీరింగా? జీతాలు రావు, సీఎస్‌ఈ తీసుకో." కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ఈ సలహా ఏ ఇంట్లో చూసినా వినిపిస్తుంది. జీతాలు తక్కువన్న మాటతో నాకు పేచీ లేదు. నేను చదివింది ఆ బ్రాంచే, ఆ అంకెలు నాకు తెలుసు. నా పేచీ దాని వెనకే వచ్చే మాటతో: "జీతం తక్కువంటే ఆ చదువుకు విలువ తక్కువనే కదా, మార్కెట్ అబద్ధం చెప్పదు." గ్రూప్-1కో సివిల్స్‌కో చదువుతున్న మనం కూడా ఈ మాటను అప్పజెప్పేస్తే ఎలా? రేపు ఆసుపత్రి టెండర్ ఫైలు మీద సంతకం పెట్టేది మనలో ఒకరే కావచ్చు.

ముందు విద్యార్థి లెక్క చూద్దాం. ఫీజులు, హాస్టల్ కలిపి నాలుగేళ్లకు 6 లక్షల అప్పు అయిందనుకోండి. 10 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అయితే నెలకు దాదాపు 10 వేలు కట్టాలి. చేతికొచ్చే మొదటి జీతం 20 వేలు అనుకుంటే సగం అప్పుకే పోతుంది. మిగిలిన సగంతో నగరంలో గది అద్దె, తిండి, ఇంటికి పంపాల్సింది. ఈ లెక్క చూసి ఒక తండ్రి "వద్దు" అంటే ఆయనను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు ఆసుపత్రి లెక్క చూడండి. జాతీయ ఆరోగ్య మిషన్ కింద 2015లో బయోమెడికల్ పరికరాల నిర్వహణ కార్యక్రమం మొదలైంది. దాని కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏమేం పరికరాలున్నాయో లెక్క తీశారు. 29 వేలకు పైగా కేంద్రాలు, 7.5 లక్షలకు పైగా పరికరాలు, వాటి విలువ సుమారు 4,564 కోట్లు. వాటిలో పనిచేయనివి రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం. సంఖ్యా, విలువా ఒకటి కావు కాబట్టి స్థూలంగానే చెబుతున్నాను: విలువలోనూ 13 శాతమే మూలన పడిందనుకున్నా అది దాదాపు 593 కోట్లు. అదీ పరికరం ఖరీదు మాత్రమే. స్కానింగ్ కోసం ప్రైవేటు సెంటర్‌కు వెళ్లి డబ్బు కట్టిన కూలీ ఖర్చు, ఆ రోజు పోగొట్టుకున్న కూలి ఇందులో లేవు.

అంటే అవసరం ఉంది. పని ఉంది. పని జరగకపోతే నష్టం కోట్లలో ఉంది. మరి ఆ పని చేసేవాడి జీతం ఎందుకు పెరగదు?

మొదటి కారణం టెండర్. చాలా రాష్ట్రాల్లో ఈ నిర్వహణను ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు. అర్హతలు సరిపోయాక తక్కువ రేటు వేసినవారే గెలుస్తారు. ఆ రేటు తగ్గించడానికి ఏజెన్సీ ఎక్కడ కోత పెడుతుంది? విడిభాగాల ధర దాని చేతిలో లేదు, ఇంజినీర్ జీతం ఉంది. మనం "మార్కెట్ జీతం" అంటున్నది నిజానికి ప్రభుత్వం రాసిన షరతుల నుంచి పుట్టిన జీతం.

రెండో కారణం దిగుమతులు. మన వైద్య పరికరాల్లో మూడింట రెండు వంతులకు పైగా బయటి నుంచే వస్తున్నాయి. డిజైన్ ఎక్కడ జరిగితే మంచి జీతాలు అక్కడే ఉంటాయి. మనకు మిగిలేవి అమ్మకం, సర్వీసు.

మూడో కారణం మన పరీక్షల్లోనే కనిపిస్తుంది. యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్‌లో ఉన్నవి సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్. బయోమెడికల్ లేదు. గేట్‌లో ఈ పేపర్ వచ్చిందే 2020లో. రోడ్డు వేయడానికి ఇంజినీర్ల కేడర్ ఉంది. ఐసీయూ నడవడానికి మాత్రం కాంట్రాక్టు చాలనుకున్నాం.

"సన్‌రైజ్ సెక్టార్ కదా, అన్నీ మారతాయి" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో కూడా నేను ఏకీభవించను. 2023 జాతీయ వైద్య పరికరాల విధానం 2030కల్లా ఈ రంగాన్ని 50 బిలియన్ డాలర్లకు తీసుకెళ్తామంటోంది. 3,420 కోట్ల పీఎల్ఐ పథకం ఉంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్, సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్క్ ఉన్నాయి. మంచిదే. కానీ పీఎల్ఐ ప్రోత్సాహకం ఇచ్చేది పెరిగిన అమ్మకాలపై 5 శాతం లెక్కన, ఎంతమంది డిజైన్ ఇంజినీర్లను పెట్టుకున్నారన్న లెక్కన కాదు. రంగం టర్నోవర్ చూపించి పిల్లల్ని చేర్చుకునే కాలేజీ బ్రోచర్ మోసమే. టర్నోవర్ వేరు, జీతం వేరు.

"పోస్టులు పెంచితే ఖజానా మీద భారం" అన్న వాదన ఇంకొకటి. 2021 మేలో ఏం జరిగింది? కేంద్రం ఇచ్చిన వెంటిలేటర్లు కొన్ని రాష్ట్రాల్లో గోదాముల్లోనే ఉన్నాయన్న వార్తల తర్వాత, వాటిని అమర్చారా, పనిచేస్తున్నాయా అన్నదానిపై ఆడిట్ చేయమని ప్రధానే ఆదేశించాల్సి వచ్చింది. కొన్న యంత్రాన్ని బిగించి, పరీక్షించి, నడిపించే మనిషికి ఇచ్చే జీతం భారమైతే, మూలన పడ్డ యంత్రం ఏమిటి?

ఈ చదువు ఇచ్చే లాభం చాలావరకు జీతం స్లిప్పులో కనిపించదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో వైద్యులు, ఇంజినీర్లు కలిసి దేశీయంగా గుండె కవాటాన్ని తయారుచేశారు. 1990లో దాన్ని తొలిసారి రోగికి అమర్చారు. దిగుమతి కవాటం కొనలేనివారికి అది దారి చూపింది. ఆ లాభం చేరింది రోగికి. మనం ఎకానమీలో చదువుకునే పాజిటివ్ ఎక్స్‌టర్నాలిటీ ఇదే. ఇలాంటిచోట మార్కెట్ తక్కువ వెల కడుతుందని రాసి మార్కులు తెచ్చుకుంటాం, తమ్ముడికి సలహా ఇచ్చేటప్పుడు మాత్రం మరిచిపోతాం.

కాబట్టి తమ్ముడో చెల్లో అడిగితే ఇలా చెప్పండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో మంచి కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చి, ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్చుకునే ఓపిక ఉంటే చేరవచ్చు. లక్షలు పోసి మేనేజ్‌మెంట్ సీటు మాత్రం వద్దు. త్యాగం చేయమని ఎవరినీ అడగనక్కర్లేదు.

ఆన్సర్ షీట్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం "నైపుణ్యాల కొరత" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. మూడు విషయాలు రాయండి: జిల్లా ఆసుపత్రికి శాశ్వత బయోమెడికల్ ఇంజినీర్ పోస్టు, నిర్వహణ టెండర్‌లో ఇంజినీర్‌కు కనీస వేతన షరతు, ప్రోత్సాహకాల్లో డిజైన్ ఉద్యోగాలకు లెక్క. ఉద్యోగం వచ్చాక ఆ ఫైలు మీ టేబుల్ మీదకు వస్తే, వేతనం కాలమ్ ఖాళీగా ఉందేమో చూసి సంతకం పెట్టండి.