గుంపులో ఒక్కరు చాలు

'నలుగురితో నారాయణా, గుంపుతో గోవిందా' అంటారు మన పెద్దలు. పదిమంది నడిచే దారిలో నడిస్తే ఇబ్బంది ఉండదని దాని భావం. బదిలీ ఉద్యోగుల ఇళ్ళలో పెరిగే పిల్లలకు ఈ మాట ఇంకెవరికన్నా బాగా తెలుసు. రెండు మూడేళ్ళకోసారి కొత్త ఊరు, కొత్త తరగతి, కొత్త భాష. ఎవరి పక్కన కూర్చోవాలో, భోజన విరామంలో ఎవరితో కలిసి డబ్బా తెరవాలో తెలియని మొదటి వారం మనందరికీ అనుభవమే. పాఠం చెప్పే మాకూ కొత్త స్టాఫ్‌రూములో అదే పరిస్థితి. అలాంటప్పుడు నలుగురు చేసేదే చేద్దామనిపించడం సహజం.

ఆ నలుగురి వల్ల మేలు కూడా జరుగుతుంది. ఊరు మారిన కొద్ది నెలల్లోనే అక్కడి భాష, ఆటలు, పాటలు మనకు వచ్చేది వాళ్ళ వల్లనే. పక్కవాళ్ళు గ్రంథాలయానికి వెళ్తుంటే మనమూ వెళ్తాం.

ఇబ్బంది మరోచోట మొదలవుతుంది. గోంగూర పచ్చడి చూసి ఎవరో ముక్కు మూసుకున్నారని ఒక అమ్మాయి మర్నాటి నుంచి బ్రెడ్డు తెచ్చుకుంటుంది. గేటు దగ్గర అమ్మ తెలుగులో పిలిస్తే, స్నేహితులు వింటున్నారని ఏడో తరగతి అబ్బాయి హిందీలో బదులిస్తాడు. కొత్తగా వచ్చినవాడి యాసను అందరూ వెక్కిరిస్తుంటే, నిరుడు అదే వెక్కిరింతకు గురైనవాడు అందరికన్నా గట్టిగా నవ్వుతాడు. సిగరెట్టు, గుట్కా వద్దని ప్రార్థన సమావేశంలో చెబుతూనే ఉంటాం. ఈ చిన్న విషయాలను మాత్రం పట్టించుకోం. లొంగిపోవడం అలవాటయ్యేది వీటితోనే అని మా అభిప్రాయం.

అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల్లో కాలేజీ విద్యార్థులతో కొన్ని ప్రయోగాలు చేశారు. ఒక గీతను చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమన్నారు. చూడగానే చెప్పగలిగే ప్రశ్న. అయితే గదిలో ఒక్కరు తప్ప మిగిలినవారంతా ముందుగా అనుకుని వచ్చినవాళ్ళే. వాళ్ళు కావాలని తప్పు జవాబు చెప్పారు. అలా పరీక్షకు గురైన ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపు చెప్పిన తప్పునే తామూ చెప్పారు. మనకు పనికొచ్చే సంగతి దీని తర్వాత ఉంది. గుంపులో ఇంకొక్కరు సరైన జవాబు చెప్పినప్పుడు, అలా లొంగడం బాగా తగ్గిపోయింది.

'చెడు స్నేహాలు వద్దు, ధైర్యంగా కాదని చెప్పు' అని ఉపాధ్యాయులం తరచు చెబుతుంటాం. ఊళ్ళో ఒక్క స్నేహమూ లేని కొత్త పిల్లకు ఆ మాట చాలా బరువు. ధైర్యమంతా ఆ ఒక్క పిల్లనే తెచ్చుకోమనడం కన్నా, తోడుగా మాట్లాడే రెండో గొంతును తరగతిలో తయారుచేయడం మేలు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు దీన్ని చిన్న నాటికలా ఆడించవచ్చు. 'వాణ్ణి వదిలేయండ్రా', 'నాకిది నచ్చలేదు', 'రా, నువ్వు మాతో ఆడు' లాంటి మాటలు నోటికి అలవాటు కావాలి. ఆటస్థలంలో నడిచే భాషలోనూ వాటిని అనగలగాలి. అక్కడ మన తెలుగు అందరికీ తెలియకపోవచ్చు కదా.

ఏది మంచి ఒత్తిడి, ఏది చెడ్డది అని సందేహం వస్తే రెండు ప్రశ్నలు వేసుకుందాం. దీనివల్ల ఎవరైనా బాధపడుతున్నారా? చేశాక ఇంట్లో చెప్పుకోగలమా? చెప్పుకోలేని పనైతే అక్కడే ఆగిపోదాం.

బదిలీ అయ్యే ఉద్యోగుల పిల్లల చదువు ఆగకూడదనే 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి. అంటే మన బెంచీల మీద కూర్చున్నవారిలో చాలామంది ఏదో ఒక రోజు కొత్తవాళ్ళే. ఈ ఏడాదీ బదిలీల మీద కొత్త పిల్లలు వస్తారు. వాళ్ళ పేరు సరిగ్గా పలకడం నేర్చుకుందాం. ఎవరైనా వాళ్ళను చూసి నవ్వితే, నవ్వని ఆ ఒక్కరం మనమవుదాం.