'స్మర్క్' అను నవ్వు

ఆంగ్లమున 'స్మైల్' అనిన చిరునవ్వు. ఈ సంగతి చిన్న తరగతుల బాలురకును తెలియును. 'స్మర్క్' అను మాట యెదురైనప్పుడే చిక్కు వచ్చును. అదియు పెదవులపై మెదలు నవ్వే. అందును సాధారణముగా పండ్లు కానరావు, శబ్దము వినరాదు. కావున కొందరు విద్యార్థులు దానికిని 'చిరునవ్వు' అనియే అర్థము వ్రాసికొని సాగిపోవుదురు. ఆ పొరపాటుతో కథ యంతయు తలక్రిందులగును. పందెమున ఓడిన మిత్రుని చూచి ఒకడు 'స్మైల్' చేసెనన్నచో, వానిని ఓదార్చెనని తోచును. 'స్మర్క్' చేసెనన్నచో, వాని ఓటమికి లోలోన మురిసి, తానే ఘనుడనుకొనెనని అర్థము. ఒక నవ్వు భుజము తట్టినట్లుండును. మరొకటి పుండుపై కారము చల్లినట్లుండును.

తన్ను తాను మెచ్చుకొనుచు ఎదుటివానిని చులకన చేయు నవ్వు స్మర్క్. తరచుగా పెదవి యొక కొస మాత్రమే పైకి లేచును. కన్నులు ఆ నవ్వులో పాలుగొనవు. డ్యూషేన్ అను ఫ్రెంచి వైద్యుడు ముఖకవళికలను పరిశోధించి 1862లో ఒక గ్రంథమును ప్రకటించెను. మనసార నవ్వునప్పుడు పెదవులను లాగు కండరముతో పాటు కంటి చుట్టునున్న కండరము కూడ కదలునని అతడు అందు చూపెను. 'వాని కన్నులే నవ్వుచున్నవి' అని పల్లెటూరి అవ్వ అనుట ఈ పరిశోధనకు చాలముందే కలదు!

ఈ మాట మొదటినుండియు ఇట్లు చెడ్డపేరు మోయలేదు. వేయి సంవత్సరముల క్రిందటి ప్రాచీనాంగ్లమున దీని పూర్వరూపమునకు నవ్వుట యనియే అర్థము. అందు నిందయే లేదు. అప్పటికి 'స్మైల్' అను మాట ఆ భాషలో కానరాదు. అది సుమారు 1300 ప్రాంతమున వాడుకలోనికి వచ్చెను. సంస్కృతమున 'స్మితము' అను పదమునకును దీనికిని మూలధాతు వొక్కటే యని భాషావేత్తలు చెప్పుదురు. తెలుగువారు మందస్మిత మన్నను, ఆంగ్లేయులు స్మైల్ అన్నను దూరపు చుట్టరికము కలదన్నమాట. క్రొత్తగా వచ్చిన మాట మంచి నవ్వును తన సొత్తు చేసికొనగా, పాతదానికి కపటపు నవ్వు మిగిలెను. 1755లో జాన్సను పండితుడు ప్రకటించిన నిఘంటువున స్మర్క్ అనగా లేని మెత్తదనమును, దయను ముఖమున నటించుట. నేడు ఆ నటన వెనుకబడి, గర్వము ముందునకు వచ్చినది. 2010లో యూనికోడ్ సంకేతములలో చేరిన బొమ్మముఖములలో ఈ నవ్వునకును ఒక ముఖము దొరకెను. సెల్‌ఫోనులలో పిల్లలు దానిని కొంటెతనమునకే ఎక్కువగా వాడుదురు.

తెలుగున దీనికి సరియైన ఒక్క మాట దొరకుట కష్టము. 'ముసిముసి నవ్వు' చెల్లదు. అందు సిగ్గో, దాచుకొన్న సంతోషమో ఉండును గాని గర్వ ముండదు. 'వెకిలి నవ్వు' లేకితనమును తెల్పును. 'ఇకిలించుట' యన్నచో పండ్లు బయటపడవలెను. భరతుని నాట్యశాస్త్రము స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు నవ్వులను చెప్పినది. పండ్లు కనబడకుండుటను బట్టి స్మర్క్‌ను స్మితమున చేర్చవలెను. కాని ఉత్తమ పాత్రలకు విధించిన ఆ సౌమ్యమైన నవ్వెక్కడ, ఈ వంకర నవ్వెక్కడ! అనువాదకుడు 'గర్వముతో పెదవి కొసన నవ్వెను' అని నాలుగు మాటలు వాడినను తప్పులేదు. ఒక్క మాటకు ఒక్క మాటయే కావలెనని పట్టుపట్టుట వట్టి చాదస్తము.

ఇంతకంటె గమనింపదగిన విషయ మొకటి కలదు. 'స్మైల్' అనునది కంటికి కనబడినదానిని చెప్పు మాట. 'స్మర్క్' అనునది చూచినవాడు ఇచ్చిన తీర్పు. ఉపాధ్యాయుడు మందలించునప్పుడు భయముచే పెదవి వణకి, నవ్వువలె కనబడు బాలురు కలరు. అది చూచి 'ఎంత పొగరు!' అనుకొన్నచో ఆ బాలునకు రెండవ శిక్ష తప్పదు. వ్యాసభారతమున మయసభలో దుర్యోధనుడు నీటిలో పడినప్పుడు నవ్వినవారు భీముడు మొదలగువారు. అచ్చట ద్రౌపది పేరు లేదు. ఇంటికి పోయి తండ్రితో మొరపెట్టుకొనునప్పుడు మాత్రము దుర్యోధనుడు, ద్రౌపదియు స్త్రీలతో కూడి నవ్వెనని చెప్పును. జరిగినదానికంటె అవమానపడినవాడు చెప్పినదే లోకమున నిలిచినది. నేటికిని పలువురు ద్రౌపది నవ్వే యుద్ధమునకు మూలమందురు.

అట్లని స్మర్క్ అను మాట నిఘంటువున అక్కరలేదనరాదు. అట్టి నవ్వు నవ్వువారు ఏ ఊరనైన కలరు. కథ వ్రాయువానికి పాత్రల మనసు తెలియును గనుక ఆ మాటను నిస్సందేహముగా వాడవచ్చును. ప్రక్క బల్లపైనున్న సహపాఠిని గూర్చి ఆ మాట వ్రాయు విద్యార్థికి అంత చనువు లేదు. అతనికి కనబడినది పెదవి కొస మాత్రమే.