ఊరు పెట్టే ఆట

సెలవులు వచ్చాయంటే చాలు, పిల్లలు కంప్యూటర్ ముందు నుంచి లేవడం లేదన్నది మన ఇళ్ళలో పెద్దలందరి ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. అయితే ఆ పెట్టెలో ఆడే ఆటలన్నీ ఒక్క తీరువి కావు. కనబడినవాడినల్లా కాల్చుకుంటూ పోయే ఆటలు వేరు, నిదానంగా ఆలోచించి ఆడే ఆటలు వేరు. రెండో రకంలో బాగా పేరు పడినది ‘సివిలైజేషన్’. ఈసారి మన శీర్షికలో దాని ముచ్చట చెప్పుకుందాం. పిల్లలకు ఆట మొదట్లో పనికొచ్చే నాలుగు మెళకువలు, పెద్దలకు పిల్లల పక్కన కాసేపు కూర్చోవడానికి ఒక సాకు, రెండూ ఇందులో దొరుకుతాయి.

సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన ఈ ఆటను మైక్రోప్రోస్ అనే అమెరికా కంపెనీ 1991లో విడుదల చేసింది. ఆ తర్వాత ఎన్నో మార్పులతో 2016లో ఆరవది, 2025లో ఏడవది వచ్చాయి. ఏడవదానిలో చోళులు కూడా ఉన్నారు. రాజేంద్ర చోళుడు సముద్రం దాటి కడారం గెలిచిన సంగతి చెప్పే రాగిరేకులు మన తిరువాలంగాడువే కనుక, ఆ కబురు మనకు సంతోషమే. ఇక్కడ చెప్పే లెక్కలు మాత్రం ఆరవ ఆటవి.

ఆట వంతులవారీగా సాగుతుంది. మీ వంతు మీరు ఆడాకే ఎదుటివాళ్ళు కదులుతారు. తొందరపెట్టేవారు ఎవరూ ఉండరు. కథ క్రీస్తు పూర్వం 4000లో మొదలవుతుంది. మామూలు వేగంలో మొత్తం 500 వంతులు. మొదట్లో ఒక్కో వంతుకు 40 ఏళ్ళు గడిచిపోతాయి. చేతిలో ఉండేది ఊరు పెట్టడానికి బయలుదేరిన ఒక వలస గుంపు, దానికి తోడు ఒక యోధుడు. అంతే.

పులి జూదం ఆడిన మన అవ్వలకూ తాతలకూ దీని కిటుకు ఇట్టే తెలిసిపోతుంది. మూడు పులులకు ఎదురుగా పదిహేను మేకలను ఒక్కొక్కటే పెట్టుకుంటూ వస్తాం. ఎక్కడెక్కడ పెట్టామన్న దానిమీదే సగం ఆట తేలిపోతుంది. పెట్టడంలో తొందరపడ్డవాడు తర్వాత ఎంత తెలివి చూపినా మేకలు పోగొట్టుకుంటూనే ఉంటాడు. ఇదీ అంతే. మొదటి వంద వంతుల్లో చేసినదే చివరి వంద వంతుల్లో ఎదురొస్తుంది.

నీరూ, రాయీ

మొదటి ప్రశ్న, ఊరు ఎక్కడ పెట్టాలి? వలస గుంపు ఒకసారి దిగిందంటే అక్కడే ఊరు. మళ్ళీ మార్చుకోవడం కుదరదు. ఏరు గాని, మంచినీటి చెరువు గాని పక్కనుంటే ఊరికి మొదటే 5 పాళ్ళ వసతి ఇస్తుంది ఆట. సముద్రపు ఒడ్డయితే 3. నీరే లేకపోతే 2. వసతి నిండే కొద్దీ జనం పెరగడం మందగిస్తుంది. నీటికి తోడు గుట్ట ఉంటే మరీ మేలు. మైదానంలోని గుట్టమీద పెట్టిన ఊరికి ఆ ఒక్క గడి నుంచే 2 పాళ్ళు తిండి, 2 పాళ్ళు ఉత్పత్తి వస్తాయి. శత్రువు వచ్చినా ఎత్తు కాపాడుతుంది. ఇలాంటి చోటు కోసం ఒకటి రెండు వంతులు నడవచ్చు. ఇంకా మంచిది, ఇంకా మంచిది అంటూ ఆరేడు వంతులు తిరిగితే ఈ లోపల ఎదుటివాళ్ళు ఇల్లు కట్టి, పిల్లల్ని కని, పొలం దున్నేసి ఉంటారు.

నీరూ రాయీ ఒకచోట చూసుకుని మకాం పెట్టడమనే తెలివి మన నేలమీద ఎంత పాతదో పిల్లలకు చెప్పండి. మన తిరువళ్ళూరు జిల్లాలోనే పూండికి సమీపంలో, కుశస్థలి నదికి చేరే వాగు దగ్గర అత్తిరంపాక్కం అనే చోటు ఉంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడ ఆదిమానవుల రాతి పనిముట్లు కనుగొన్నారు. 1999 నుంచి శాంతి పప్పు గారి బృందం అక్కడ తవ్వకాలు జరిపింది. 2011లో వాళ్ళు ప్రకటించిన లెక్క ప్రకారం అక్కడి చేతిగొడ్డళ్ళ వయసు కనీసం 10 లక్షల 70 వేల ఏళ్ళు, సగటున చూస్తే సుమారు 15 లక్షల ఏళ్ళు. పనిముట్లు చెక్కే తీరు సుమారు 3 లక్షల 85 వేల ఏళ్ళ కిందట మారిందని 2018లో మరో పరిశోధన ఫలితం వచ్చింది. వాగులో నీరు, దాపులోని అల్లికుళి కొండల్లో పనిముట్లకు పనికొచ్చే గట్టి రాయి. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అక్కడికే ఎందుకు వచ్చారో వేరే చెప్పాలా?

పిల్లల చేత ఒక చిన్న లెక్క చేయించండి. 15 లక్షల ఏళ్ళను వంతుకు 40 ఏళ్ళ చొప్పున భాగిస్తే 37,500 వంతులు! కంప్యూటర్ ఆట మొదలయ్యే నాటికే మన వాగు ఒడ్డున అంత ఆట జరిగిపోయిందన్నమాట. కుశస్థలికి అడ్డంగా 1944లో పూండి జలాశయం కట్టారు. 1996లో కృష్ణా నీళ్ళు కండలేరు కాలువ మీదుగా అక్కడికే చేరాయి. మంచి చోటుకు ఏ కాలంలోనైనా గిరాకీ తగ్గదు.

గోపురానికి ముందు పునాది

ఊరు పెట్టాక చాలామంది పిల్లలు నేరుగా అద్భుత కట్టడాలకు దిగుతారు. స్టోన్‌హెంజో, పిరమిడ్లో కట్టి చూపించాలని తహతహ. అది మొదటి నెల జీతం రాగానే అప్పు చేసి మేడ మొదలుపెట్టడం లాంటిది. మేడ సగంలో ఉండగా బియ్యం నిండుకుంటాయి.

మొదట చేయవలసింది ఒక వేగులవాణ్ణి తయారు చేసి చుట్టూ చూసి రమ్మనడం. నీళ్ళెక్కడ, కొండలెక్కడ, ఇరుగు పొరుగు ఎవరు అన్నది తెలియకుండా రెండో ఊరి ఆలోచన చేయలేం. తర్వాత వడిసెల పట్టిన వీరుణ్ణి ఒకణ్ణి ఊళ్ళో ఉంచాలి. ఎందుకంటే ఈ ఆటలో ఎవరికీ చెందని దోపిడీ గుంపులుంటాయి. ముందు వాళ్ళ వేగు ఒకడు వచ్చి మన ఊరు చూసి వెళతాడు. వాడు తిరిగి తన గుడారానికి చేరాడా, దండు వెంటబడుతుంది. చేరకముందే దారిలో ఆపగలిగితే ఆ బెడద తప్పుతుంది. ‘ఒక్కడే కదా, పోనీలే’ అని వదిలేసిన వాళ్ళే తర్వాత పొలాలు తగలబడ్డాయని బాధపడతారు.

మూడోది మరో వలస గుంపు. ఊళ్ళో జనం లెక్క 2కి చేరితే గాని అది తయారు కాదు. తయారయ్యాక ఊళ్ళోంచి ఒకటి తగ్గుతుంది. ఆడపిల్లను అత్తవారింటికి పంపినట్టే, ఈ ఇల్లు కొన్నాళ్ళు బోసిపోయినా ఆ పక్క మరో ఇల్లు వెలుస్తుంది. ఒక్కో గుంపు పంపిన కొద్దీ తర్వాతి దానికి ఖర్చు పెరుగుతుంది కనుక ఆలస్యం చేసినవాడికే నష్టం. వంద వంతులు తిరిగేలోగా నాలుగైదు ఊళ్ళు నిలబెట్టుకున్నవాడు తర్వాత ఎన్ని గోపురాలైనా కట్టుకోవచ్చు.

పులికాట్, చెన్నపట్నం

మంచి చోటు ముందే ఎవరో పట్టేసుకుంటే? దీనికీ జవాబు మన జిల్లాలోనే ఉంది. పులికాట్‌లో డచ్చివారు 1613 నాటికే గెల్డ్రియా కోట కట్టుకుని కూర్చున్నారు. ఓడలు ఆగడానికి వీలైన చోటు, బట్టల వ్యాపారానికి పేరున్న ఊరు. ఇంగ్లీషువారికి అక్కడ చోటు దొరకలేదు. 1626లో ఉత్తరాన నెల్లూరు తీరంలోని దుర్గరాజపట్నం చేరారు. అదీ పెద్దగా కలిసిరాలేదు. చివరికి 1639లో ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వచ్చి మద్రాసపట్నం చూశాడు. అక్కడ ఓడరేవుకు తగిన సదుపాయమే లేదు, అలలు మాత్రం పుష్కలం. కాని చుట్టుపక్కల బట్ట చవక, పైగా స్థలం ఇవ్వడానికి దామెర్ల నాయకులు సిద్ధంగా ఉన్నారు. మన తెలుగు నాయకులే. ఆ ఇసుక దిబ్బమీద పెట్టిన ఊరు ఈనాటి చెన్నై. పులికాట్ మాత్రం 1825లో బ్రిటిష్ వారి చేతికి వచ్చే నాటికి పాత వైభవం పోగొట్టుకుంది.

పిల్లలు ఇందులో గమనించవలసింది రెండు. మొదటి ఎంపిక దొరకనప్పుడు అలిగి కూర్చోకుండా రెండోదాన్ని పరిశీలించాలి. ఆ రెండోదానిలో ఏ లోపం మనం భరించగలం, ఏ లాభం లేకపోతే బతకలేం అన్నది వేరువేరుగా లెక్క వేసుకోవాలి. రేవు లేకపోయినా బట్ట దొరికితే చాలనుకున్నాడు డే. కాలేజీ సీటు వెతికేటప్పుడు మనం చేసే లెక్క కూడా ఇదే కదా!

చేతులతో నేర్చినది

ఈ ఆటలో నాకు బాగా నచ్చే ఏర్పాటు ఒకటుంది. ఒక విద్య నేర్చుకోవాలంటే వంతులు ఖర్చవుతాయి. కాని ఆ విద్యకు దగ్గరి పని ఒకటి స్వయంగా చేస్తే ఖర్చులో పెద్ద భాగం, 2018 తర్వాతి లెక్క ప్రకారం నూటికి 40 వంతులు, తగ్గిపోతుంది. వడిసెలతో ఒక శత్రువును కొడితే విలువిద్య తొందరగా వస్తుంది. రాతి గని తవ్విస్తే తాపీ పని తొందరగా పట్టుబడుతుంది. సముద్రం ఒడ్డున ఊరు పెట్టినవాడికి ఓడ నడపడం సులువు. మరో జాతివారిని కలిసినవాడికి రాత తొందరగా అబ్బుతుంది. కాబట్టి తెలివైన ఆటగాడు ముందు తన చుట్టూ ఏముందో చూసి, దానికి తగిన విద్య ఎంచుకుంటాడు. కొండ దగ్గరున్నవాడు ఓడల విద్యతో మొదలుపెట్టడు.

గీత జరిగినప్పుడు

2018లో ఈ ఆటకు కొత్త నియమం ఒకటి చేర్చారు. దూరంగా, పొరుగువారి పెద్ద ఊళ్ళ నడుమ పెట్టిన చిన్న ఊరి మీద చుట్టూ తొమ్మిది గడుల లోపలి జనం ప్రభావం పడుతుంది. వంతు వంతుకూ ఆ ఊరి మమకారం కరిగిపోయి, చివరికి సున్నాకు చేరితే ఊరు చెయ్యి జారుతుంది. యుద్ధం అక్కరలేదు. దానికి విరుగుడు మూడు పనులు. ఆ ఊరికి ఒక పాలకుణ్ణి పంపి అక్కడే ఉంచడం, ఒక స్మారకం కట్టడం, దగ్గరలో మన ఊళ్ళు మరికొన్ని పెట్టడం. ఇవి ముందే చేయాలి. లెక్క పది ఇరవైకి దిగిపోయాక పరుగెత్తితే అందదు.

ఈ నియమం చదివినప్పుడు తిరుత్తణివాళ్ళకు మన సంగతే గుర్తుకు రావడం సహజం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది. తర్వాత పటాస్కర్ గారి మధ్యవర్తిత్వంలో గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, ఏ భాషవారు ఎక్కువ, ఊళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయా అన్నది చూసి సరిహద్దు తేల్చారు. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వెళ్ళాయి. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, గీత జరిగింది.

ఆ గీతతో మనకిప్పుడు తగువు లేదు. ఇరుపక్కలా బంధువులున్నారు, రాకపోకలున్నాయి. మిగిలిన ప్రశ్న ఇంటిలోపలిది. 2006 నాటి చట్టంతో ఈ రాష్ట్రంలో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. తమిళం మన పిల్లలకు బాగా రావాలి. వాళ్ళ స్నేహాలు, ఉద్యోగాలు అందులోనే. కాని తెలుగు మాట్లాడతారే తప్ప తెలుగు బోర్డు చదవలేని పిల్లలు మన ఇళ్ళలో పెరుగుతున్నారు. దీనికి ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు. ఆటలో చెప్పిన మూడు విరుగుళ్ళే ఇక్కడా పనికొస్తాయి. రోజూ తెలుగులోనే పలకరించే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. కళ్ళెదుట తెలుగు అక్షరం, ఒక పుస్తకమో పత్రికో, ఉండాలి. మరో రెండు తెలుగు ఇళ్ళతో రాకపోకలుండాలి. అదీ మొదటి వంతుల్లోనే, అంటే పిల్లవాడికి ఆరేడేళ్ళ వయసులోనే. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు ఊరికే అనలేదు.

పెద్దలకు రెండు మాటలు

ఈ ఆటకున్న పెద్ద జబ్బు ‘ఇంకొక్క వంతు’. ఆ ఒక్కటీ ఆడి లేస్తామంటూ అర్ధరాత్రి దాకా సాగుతుంది. గంటల లెక్క పెడితే పేచీ వస్తుంది కనుక వంతుల లెక్క పెట్టండి. రోజుకు 30 వంతులు, ఆ తర్వాత ఆటను భద్రపరచి లేవాలి. రేపు అక్కడి నుంచే మొదలుపెట్టుకోవచ్చు.

రెండోది, ఒక నోటు పుస్తకం కొనివ్వండి. పది వంతులకు ఒకసారి ఆట ఆపి, ఏం చేశారో, ఎందుకు చేశారో తెలుగులో ఒక్క వాక్యం రాయమనండి. ‘ఏటి పక్కన గుట్టమీద ఊరు పెట్టాను’ అన్నది మొదటి వాక్యం అవుతుంది. గుణింతం తప్పుతుంది, ఒత్తులు పోతాయి. అవ్వో తాతో పక్కన కూర్చుని దిద్దుతారు. వంద వంతులు గడిచేసరికి పది వాక్యాలు. ఆటలో ఎవరు గెలిచినా సరే, ఆ పది వాక్యాలు మన ఇంట్లోనే ఉంటాయి.