కలబంద వేయదలచిన రైతులకు ఒక మాట

గుమ్మానికి తలక్రిందులుగా కట్టిన కలబంద మన్నూ నీరూ లేకుండ నెలల తరబడి పచ్చగా ఉండుట మీరందరూ చూచినదే. దళసరి ఆకులలో నీరు దాచుకొని, ఆకు రంధ్రములను పగలు మూసి రాత్రి తెరచుకొనే మొక్క అది. ఇంత మొండి మొక్క గనుక పెట్టుబడి లేని పంట అనియు, పత్తి, మిరప మాని దీనిని వేసినచో ఆకు అంతయు తామే కొందుమనియు చెప్పి పిలకలు అమ్మజూపువారు మీకు తారసపడవచ్చును. తొందరపడవద్దు.

ఈ మొక్క ఎండకు చావదు, నిలిచిన నీటికి చచ్చును. పెదనందిపాడు, పర్చూరు వైపు నల్లరేగడి ఒకసారి నానినచో త్వరగా ఆరదు. అందులో వేరు, మొదలు కుళ్లిపోవును. ఎత్తైన బోదెలపై నాటినను తుఫాను వానలకు భరోసా లేదు. పొదిలి, కనిగిరి ప్రాంతములలో నీరు నిలువని ఎర్రనేలలు నయము.

రెండడుగుల ఎడముతో నాటినచో ఎకరానికి సుమారు 10,900 పిలకలు పట్టును. వాని ఖరీదు మీరే లెక్క వేసికొనుడు. పెట్టుబడి లేని పంట అనుట ఎట్లు పొసగును? పెరటిలో నాలుగు మొక్కలున్నచో అవే ఏటేటా పిలకలు పెట్టును గదా!

అసలు చిక్కు అమ్మకములో ఉన్నది. ఎండుమిరప ధర పడిపోయినచో గుంటూరు శీతల గిడ్డంగిలో ఉంచి వేచియుండవచ్చును. పత్తిని ఇంటిలోనే కొంతకాలము నిలువ చేయుదురు. కలబంద ఆకులో నూటికి 95 పాళ్లకు మించి నీరే. కోసిన ఆకు గుజ్జు త్వరగా చెడును. దూరపు ఫ్యాక్టరీకి పంపుట నీటికి లారీ బాడుగ కట్టుటయే. కొనువాడు ఒక్కడే అయి, వాడు రాకపోయినచో రైతు ఎవరితో మొరపెట్టుకొనవలెను?

కావున ఫ్యాక్టరీ ఎచ్చట ఉన్నది, కిలో ధర ఎంత, కోత కూలి, బాడుగ ఎవరివి అనునవి కాగితముపై వ్రాసి సంతకము చేయనిదే సెంటు భూమి కూడ ఈయరాదని నా అభిప్రాయము. పిలకలమ్మువాడొక్కడే సంతకము చేసిన పత్రమును నమ్మరాదు. గ్రామోద్యోగులు ఆ పత్రమును చదివి రైతునకు విడమరచి చెప్పినచో ఎంతో మేలు.

ఇంటి అవసరమునకు మాత్రము పెరటిలో తప్పక పెంచుడు. మట్టిలో ఇసుక కలిపి, నేల బాగుగా ఆరిన పిమ్మటనే నీరు పోయవలెను. మధ్య మొవ్వను ముట్టక వెలుపలి ముదురు ఆకులనే కోయవలెను. కోసిన చోట కారు పసుపు రసము విరేచనకారి. ఆకును నిలువుగా ఉంచి అది కారిపోయిన తరువాతనే గుజ్జు తీయుడు. గర్భిణీ స్త్రీలు లోనికి పుచ్చుకొనరాదు.